సూదక్క చెయ్యి తప్పిన రోజు

మత్తులో పడ్డ చిట్టెలుక కళ్ళు మూసుకోదు. రెప్పలు ఆడవు కాబట్టి ఆ కళ్ళు ఎండిపోతాయి. అందుకని సూదక్క అన్నిటికంటే ముందు చేసే పని, చిటికెన వేలి కొసకి ఇంత లేపనం రాసుకుని, మిరియపు గింజల్లాంటి ఆ రెండు కళ్ళ మీదా మెత్తగా అద్దడం. సాయంత్రానికి చచ్చిపోయే ప్రాణికి కళ్ళమందు ఎందుకని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతుంటారు. "సాయంత్రం దాకా బతకాలిగా మరి," అంటుందామె. అంతకు మించి వివరం చెప్పిన పాపాన పోలేదు.

ఆ రోజూ అలాగే అద్దింది. లేపనం గొట్టం మూత బిగించి పళ్ళెంలో దాని చోట దాన్ని పెట్టింది. ఎలుక మూతికి తగిలించిన చిన్న గరాటులోంచి మత్తుగాలి సన్నగా వస్తోంది. దాని పొట్ట లేచి పడుతోంది. కింద పరిచిన వేడి పలక చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. అంతా సవ్యంగానే ఉంది. ఆమె గుండె మాత్రం పొద్దున్నించీ దడదడలాడుతోంది.

ఆ గదికి కిటికీ లేదు, ఉండకూడదు కూడా. ఎలుక ఒంట్లోకి ఎక్కించే రంగు మిణుగురంత వెలుగే ఇస్తుంది. బయటి వెలుతురు ఒక్క గీత పడినా అది కనపడకుండా పోతుంది. అందుకే రెండు తలుపులు, మధ్యలో నల్ల తెర. బయట గోడకి ఒక ఎర్ర బల్బు. అది వెలుగుతున్నంతసేపూ సంస్థకి పెద్దదిక్కైన డైరెక్టరైనా సరే తలుపు ముట్టుకోకూడదు. లోపల మైక్రోస్కోపు, కంప్యూటరు తెర, ముణుకులంత ఎత్తు స్టూలు. ఆ స్టూలు మీద ఆమె జీవితంలో సగం గడిచిపోయింది.

భర్త పోయిన ఏడాది గాజుసామాను కడిగే పనిలో చేరింది. ఒకరోజు ఆ నల్ల తెర చిరిగితే కుట్టమన్నారు. గుడ్డిదీపం వెలుతురులో, చూడకుండానే, ఒక్కసారికే సూదిలోకి దారం ఎక్కించింది. అది అప్పటి పెద్ద ప్రొఫెసరు కళ్ళబడింది. మర్నాడే ఆమె చేతికి సిరంజి ఇచ్చి, ఎలుక తోకలో నూలుపోగంత నరం చూపించాడు. మొదటి దెబ్బకే సూది నరంలోకి దిగింది. అప్పటినుంచి బిల్డింగంతా ఆమెని సూదక్క అంటోంది. సొంత పేరు జీతం ఇచ్చే గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. పెద్ద ప్రొఫెసరు వెళ్ళిపోయాడు, ఆయన శిష్యురాలు డాక్టరమ్మ ఆ గదికి యజమాని అయింది, మైక్రోస్కోపులు మారాయి. స్టూలూ, సూదక్కా మారలేదు.

పని ఏమిటంటే, దవడ కింద ఉండే లాలాజల గ్రంథిని చూడటం. మనకి నోరూరేది దాని పుణ్యమే. కొందరికి ఏ జబ్బువల్లో ఆ గ్రంథి వాచి, ఎండి, నోట్లో తడి లేకుండా పోతుంది. అన్నం ముద్ద గొంతు దిగదు, మాట పెగలదు. గ్రంథి ఎండకముందే దాని రక్తనాళాల గోడలు వదులైపోతాయని, పాత గొట్టంలోంచి కారినట్టు నెత్తుట్లోని నీరు బయటికి ఊరిపోతుందని డాక్టరమ్మ నమ్మకం. ఎంత ఊరుతోంది, తను కనిపెట్టిన మందు ఆ గోడల్ని బిగిస్తోందా లేదా అన్నది ఆమె తేల్చాలి. చచ్చిన గ్రంథి ఆ సంగతి చెప్పదు. నెత్తురు పారుతుండగానే చూడాలి. అందుకని ఎలుకని మత్తులో పడుకోబెట్టి, మెడ దగ్గర చర్మం తెరిచి, గ్రంథిని తెగకుండా పైకి తీసి చిన్న అద్దపు పలక మీద పెడతారు. తోక నరంలోంచి రంగు ఎక్కిస్తే అది నాళాల్లో మెరుస్తుంది. మెరుపు నాళం దాటి ఎంత బయటికి పాకిందో యంత్రం కొలుస్తుంది.

కొలిచే లెక్క డాక్టరమ్మది. కొలిచేదాకా ఆ ప్రాణిని నిలబెట్టడం సూదక్కది. గ్రంథి ఎండకూడదు, చల్లబడకూడదు, కదలకూడదు. గోరువెచ్చని ఉప్పునీళ్ళు ఒక్కొక్క చుక్కే దాని మీద వేస్తూ ఉండాలి. ఎలుక ఊపిరి తీసుకుంటే గ్రంథి కదులుతుంది కాబట్టి, చుక్క రెండు ఊపిరుల మధ్య సందులో పడాలి. ఆ సందు పట్టుకోవడానికి సూదక్క తన ఊపిరి కూడా బిగబట్టేది. ఏళ్ళ తరబడి అదే పని చేసి చేసి, ఇంట్లో పడుకున్నప్పుడు కూడా ఊపిరి ఉన్నట్టుండి ఆగిపోతోంది. ఉలిక్కిపడి లేచి కూర్చుంటుంది. గాలి కోసం కిటికీ తీద్దామంటే ఆ కిటికీ ఎప్పుడో పోయింది.

ఉండేది రెండు గదుల ఇల్లు. తనూ, భర్త అక్కగారూ. భర్త పోయినా ఆడపడుచు మిగిలింది, అదే తన ఆస్తి అని సూదక్క నవ్వుతూ అంటుంది. ఇంటికున్న ఒకే ఒక్క కిటికీకి జానెడు దూరంలో పక్కవాళ్ళు నాలుగంతస్తుల గోడ లేపారు. ఇప్పుడు రెక్క తీస్తే సిమెంటూ, పక్కింటివాళ్ళ స్నానాలగది సబ్బు వాసనా తప్ప ఇంకేం రాదు. ఆడపడుచు దానికి మేకు కొట్టేసి, ముందు బట్టల పెట్టె పెట్టేసింది.

ఆ పొద్దున అన్నం డబ్బా సర్దుతూ ఆడపడుచు అడిగింది. "ఇవాళైనా అడుగుతావా?"

"అడుగుతా వదినా."

"ఏం అడుగుతావులే. అక్కడందరికీ తలలో నాలుకవి. నీ నోట్లో మాత్రం నాలుక లేదు."

అడగాల్సింది ఒక కుర్చీ గురించి. కింది అంతస్తులో స్టోరు ఉంది. స్టోరు చూసుకునే పెద్దాయన ఎవరు ఏమడిగినా ముందు "లేదు" అనేవాడు. దూది లేదు, గ్లౌజులు లేవు, బల్బు అసలే లేదు. బిల్డింగులో ఆయన పేరు లేదుగారు. ఆయన కుర్చీ పక్కన నిలువెత్తు కిటికీ. దాంట్లోంచి వీధి, బస్సులాగే చోటు, పంక్చర్లు వేసే కొట్టు, పైన ఇంత ఆకాశం. సూదక్క మధ్యాహ్నం డబ్బా అక్కడికే తెచ్చుకుని తినేది. కాగితాలు ఎగిరిపోతాయని ఆయన కిటికీ ఎప్పుడూ ఓరగానే ఉంచేవాడు. ఆమె వస్తే మాత్రం రెక్క బార్లా తెరిచి, గాలికి కొట్టుకోకుండా కింద ఒక చెక్కముక్క దోపేవాడు. ఆయన దగ్గర అడక్కుండా దొరికేది ఆ గాలి ఒక్కటే.

లేదుగారికి ఇవాళ ఆఖరి రోజు. ఆమె వరండాలో కనపడగానే ఆపాడు.

"అమ్మాయ్, సూపర్నెంటుతో మాట్లాడాను. డాక్టరమ్మ సరేనంటే చాలు, కుర్చీ నీదే. ఐదింటికి తాళాలు అప్పజెప్పేస్తాను. ఆలోపల ఆవిడ చేత ఒక్క మాట అనిపించు."

"అనకపోతే?"

"పై అంతస్తు గుమాస్తా కాచుక్కూచున్నాడు. ఏసీ పెట్టించుకుంటాట్ట. కిటికీ మూయించడానికి కొలతలు కూడా తీసుకుపోయాడు."

అదీ సంగతి. అందుకే గుండె దడ.

డాక్టరమ్మ చెడ్డమనిషైతే సూదక్క ఎప్పుడో బయటపడేది. చెడ్డమనిషితో పోట్లాడొచ్చు. ఈవిడ కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని గదంతా వెతుక్కునే మనిషి. తను చదువుకుంటున్న రోజుల నుంచీ "అక్కా, అక్కా" అంటూ కొంగు పట్టుకు తిరిగింది. సూదక్కకి జ్వరమొస్తే మందులు పట్టుకుని ఇంటికొచ్చింది. అలాంటి మనిషిని వదిలి పోతానని ఏ నోటితో అంటారు? అయినా సూదక్క లోగడ రెండుమూడుసార్లు అంది. ఇవాళ మళ్ళీ, ఎలుక మెడ తెరవడం పూర్తయి డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటున్నప్పుడు, గొంతు సవరించుకుంది.

"డాక్టరమ్మా, స్టోరులో చోటు ఖాళీ అవుతోంది. నన్ను పంపిస్తే..."

"అక్కా, నువ్వెళ్ళిపోతే నేను ఈ ఎలుకల్ని కావలించుకుని ఏడవాలా? ఈ గుంపు అయిపోనీ."

"పోయినసారీ అదే అన్నారు."

"అన్నాననుకో." డాక్టరమ్మ నవ్వేసి ఆమె భుజమ్మీద చెయ్యేసింది. "నీ చెయ్యి వణికే రోజు వస్తుంది కదా, ఆ రోజు నేనే దగ్గరుండి తీసుకెళ్ళి ఆ కుర్చీలో కూర్చోబెడతాను. సరేనా? తోకకి నీళ్ళు ఇవాళ నేను కాస్తాలే. నీ చేతులు చల్లగా ఉన్నాయి."

గుంపు అయిపోవడమనేది ఆ గదిలో సూదక్క ఎప్పుడూ చూడలేదు. ఒక గుంపు ఎలుకలు అయిపోయేసరికి వెనక గదిలో ఇంకో గుంపు పుట్టి, పెరిగి, మందు తాగి సిద్ధంగా ఉండేది. కానీ డాక్టరమ్మ మాటల్లో ఇంకోటి ఉంది. చెయ్యి వణికే రోజు. సూదక్క తన చెయ్యి వంక చూసుకుంది. ఆ రోజు ఇవాళే ఎందుకు కాకూడదు?

ఆమె ఇన్నేళ్ళలో ఎవరినీ మోసం చెయ్యలేదు. బస్సులో టిక్కెట్టు కొనకపోతే నిద్రపట్టని మనిషి. కానీ ఒక్కసారి, ఒకే ఒక్క సూది. ఆ తర్వాత జీవితమంతా ఆ కిటికీ.

డాక్టరమ్మ లోటాలో నీళ్ళు తెచ్చింది. తోక అందులో ముంచితే నరం ఉబ్బి కనపడుతుంది. సూదక్క తోకని వేళ్ళ మధ్య పట్టుకుంది. నరం ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. తప్పించడమే తెలీదు. దానికి ఆలోచించాల్సి వచ్చింది. సూది కొసని వెంట్రుకవాసి పైకి ఎత్తి తోసింది. నరంలో పడితే సిరంజి దానంతటదే పోతున్నట్టుంటుంది. ఇప్పుడది ఎదురుతన్నింది. ఆమె బొటనవేలు ఆగిపోబోతే బలవంతాన నొక్కింది. తోక చర్మం కింద చిన్న బుడిపె లేచింది.

డాక్టరమ్మ తెర వైపు చూస్తూ కూర్చుంది. తెర మీద చీకటి. కాసేపటికి, "ఇంకా రాలేదేం?" అంది.

"తప్పింది డాక్టరమ్మా. చెయ్యి వణికింది."

చెప్పేసింది. ఇక ఆ మొహంలో నిరాశ కనపడాలి, ఆ తర్వాత జాలి, ఆ తర్వాత విడుదల. సూదక్క తల వంచుకుని వాటికోసం ఎదురుచూసింది. డాక్టరమ్మ లేచి వచ్చింది, తోక మీద బుడిపె చూసింది, లోటాలో వేలు ముంచింది.

"చూడు, చల్లారిపోయాయి. నీళ్ళు సరిగ్గా కాచకపోతే నరం ఎలా తేలుతుంది? నా బుద్ధి గడ్డి తింది. నేనెందుకు వేలు పెట్టాలి ఈ పనిలో!"

"కాదండీ, నా చెయ్యే..."

"ఊరుకో అక్కా. నీ చెయ్యి తప్పడమేంటి!"

నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి. ఆ సంగతి సూదక్కకి తెలుసు. నరం వేళ్ళ కింద నిక్కి ఉంది. ఆ మాట అందామని నోరు తెరిచింది. నాలుక పిడచకట్టుకుపోయి మాట రాలేదు.

"దీన్నింక వాడలేం," అంది డాక్టరమ్మ చిన్నగా. నిజమే. చర్మం కింద నిలిచిన రంగు కొంచెం కొంచెంగా నెత్తుట్లో కలుస్తుంది. ఏది ఎప్పుడు వచ్చిందో లెక్క తేలదు. ఇంకో నరం ప్రయత్నించినా ఆ కొలత అబద్ధం. "ఇంకోటి తీద్దాం. రోజు వృథా పోకూడదు."

మత్తుగాలి మర పెంచాల్సింది సూదక్కే. పెంచింది. ఎలుక పొట్ట లేవడం నెమ్మదించింది, మరీ నెమ్మదించింది, ఆగింది. పొద్దున అద్దిన లేపనం కళ్ళ మీద ఇంకా తడిగానే ఉంది. ఇలా ఎన్నో పోయాయి ఆమె చేతిలో. కానీ ప్రతిదీ ఏదో ఒక కొలత ఇచ్చి పోయింది, ఎవరి నోట్లోనో తడి రావడానికి పోయిందని ఆమె తనకి తాను సర్దిచెప్పుకునేది. ఇది మాత్రం సూదక్క ఒక కుర్చీ కావాలనుకున్నందుకు పోయింది. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. గుడ్డ కప్పుతూ మనసులోనే దానికి క్షమాపణ చెప్పుకుంది.

రెండో ఎలుకకి అన్నీ మళ్ళీ మొదటి నుంచి. మత్తు, కళ్ళమందు, వేడి పలక. మధ్యాహ్నం డబ్బా తెరవనే లేదు. గ్రంథిని పైకి తీయడానికి డాక్టరమ్మ చాలాసేపు తీసుకుంది. పొద్దుటి తప్పు తనదేనన్న బెంగతో ఆవిడ చేతులే ఇప్పుడు వణుకుతున్నాయి. సూదక్క గడియారం వంక చూడటం మానేసింది. నీళ్ళు ఈసారి తనే కాచుకుంది. తోక పట్టుకుంది. ఇది కూడా తప్పిస్తే? అప్పుడైనా నమ్ముతుందేమో. ఆ ఆలోచన మెదిలింది, కానీ చెయ్యి దాన్ని ఖాతరు చెయ్యలేదు. కప్పిన గుడ్డ ఇంకా మూల బల్ల మీదే ఉంది. సూది నరంలోకి దిగింది. సిరంజి మెత్తగా పోయింది.

డాక్టరమ్మ గదిలో లైటు ఆర్పింది. తెర మీద చీకట్లో ఒక గీత వెలిగింది. అది రెండై, నాలుగై, చూస్తుండగానే కొమ్మలూ రెమ్మలూ వేసి తెరంతా అల్లుకుపోయింది. డాక్టరమ్మ ఎర్ర బల్బు స్విచ్చి వేసింది. కొలత మొదలైంది.

ఇక సూదక్క కదలకూడదు. చేతిలో చుక్కల గొట్టం. ఎలుక ఊపిరి, తన ఊపిరి, మధ్యలో చుక్క. మళ్ళీ ఊపిరి. మెరుపు నాళాల్లోనే నిలుస్తోందా, బయటికి పాకుతోందా అని డాక్టరమ్మ కళ్ళప్పగించి చూస్తోంది.

అప్పుడు వినపడ్డాయి బయట అడుగులు. ఒక చెప్పు ఈడుస్తూ నడిచే నడక. లేదుగారిదే. అడుగుల వెంట తాళంచెవుల గుత్తి గలగల. అంటే ఐదు కావస్తోంది. అడుగులు తలుపు దగ్గరికొచ్చి ఆగాయి. గలగల ఆగింది.

ఎర్ర బల్బు వెలుగుతుంటే ఆయన తలుపు తట్టడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తట్టలేదు, ఆఖరి రోజున తడతాడా? తను పిలిస్తే చాలు. లేచి ఒక్క అంగ వేసి తెర పక్కకి తప్పిస్తే చాలు. వెళ్ళకండి, ఇంకో గంట ఆగండి, డాక్టరమ్మ చేత ఆ మాట అనిపిస్తాను అంటే, ఆయన ఆగుతాడు. కానీ లేస్తే చుక్క ఆగుతుంది. చుక్క ఆగితే గ్రంథి ఎండుతుంది, కొలత పోతుంది, ఇదీ పొద్దుటిదాని పక్కన చేరుతుంది. సూదక్క ఊపిరి బిగబట్టి చుక్క వేసింది. మళ్ళీ బిగబట్టి మళ్ళీ వేసింది. గొట్టం కొసన వేలాడే నీటిబొట్టు ఆమె కళ్ళకి మసకబారింది. ఏడుపొస్తే భుజాలు కదులుతాయి కాబట్టి ఏడవడానికి కూడా లేదు.

తలుపు కింద నేల మీద ఏదో పెట్టిన చప్పుడు, టక్కున. తర్వాత ఈడుపు చెప్పూ, గుత్తి గలగలా మెట్ల వైపు మళ్ళాయి, మెట్లు దిగాయి, ఇంక వినపడలేదు.

కొలత ముగిసింది. సూదక్క మత్తుగాలి పెంచింది. పొట్ట మీద వేలు ఆనించి ఉంచింది. వేలి కింద కదలిక సన్నబడి, సన్నబడి, లేకుండా పోయాక వేలు తీసింది. డాక్టరమ్మ లైటు వేసింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"గోడలు బిగిశాయక్కా! మందు పనిచేస్తోంది. చూశావా, బయట అసలు మెరుపే లేదు!"

"డాక్టరమ్మా, పొద్దుటిది నేను కావాలని తప్పించాను."

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది.

"నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి. నరం దొరికింది. సూది నేనే పైకి ఎత్తాను. చెయ్యి పోయిందనుకుని మీరు నన్ను స్టోరుకి పంపిస్తారని."

జన్మలో అంత పొడుగు మాట సూదక్క ఆ గదిలో మాట్లాడలేదు. మాట్లాడాక గుండె తేలికైంది. తిట్టనీ, పొమ్మననీ. డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నేను పొద్దున్నించీ కుమిలిపోతున్నానని కనిపెట్టావు కదూ? నా తప్పు నీ నెత్తిన వేసుకుంటున్నావా? నీలాంటి మనిషి ఉంటారా అక్కా!"

"అది కాదు, నిజంగానే..."

"ఇంకేం చెప్పకు. నాకు తెలీదా నువ్వు?" ఆవిడ ఆ చేతుల్ని కళ్ళకద్దుకున్నంత పని చేసింది. "వెళ్దువుగాని స్టోరుకి. నిన్ను నేనెప్పుడు వద్దన్నాను? ఈ గుంపు అయిపోనీ. రేపు కాస్త పెందలాడే రా, పోయినదానికి బదులు ఇంకోటి చెయ్యాలి."

సూదక్క తల ఊపింది. అబద్ధం చెప్పి చూసింది, నిజం చెప్పి చూసింది. రెండూ ఆమె మంచితనం ఖాతాలోకే పోయాయి.

డాక్టరమ్మ వెళ్ళాక పళ్ళెం కడిగింది, సూదులు డబ్బాలో వేసింది, వేడి పలక ఆపింది. నల్ల తెర తప్పించుకుని వరండాలోకి వచ్చింది. తలుపు వారన నేల మీద చెక్కముక్క. లేదుగారి కిటికీది.

తీసుకుని కింది అంతస్తుకి వెళ్ళింది. స్టోరుకి తాళం పడి ఉంది. తలుపు అద్దంలోంచి చూస్తే కుర్చీ మీద అప్పుడే ఎవరిదో కొత్త తువ్వాలు పరిచి ఉంది. కిటికీ రెక్క మూసేసి ఉంది. లేదుగారు రేపటినుంచి ఏ బస్సు ఎక్కుతాడో, ఏ వీధిలో ఉంటాడో ఆమె ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపించింది.

చెక్కముక్కని సంచీలో వేసుకోబోయి ఆగింది. ఇంటికి తీసుకెళ్ళి ఏం చేసుకుంటుంది? మేకులు కొట్టిన కిటికీకి చెక్క ఎందుకు? "అడిగావా?" అంటుంది వదిన. అడిగాను అంటే, ఏమందీ అంటుంది. ఆ జవాబు ఎలా చెప్పాలో బస్సులో ఆలోచించుకోవాలి.

మళ్ళీ మెట్లెక్కి చీకటిగదిలోకి వెళ్ళింది. పొద్దున్నే చేతికి తగిలే చోట, పళ్ళెంలో పెట్టింది దాన్ని. దీపం ఆర్పబోతూ ఒకసారి చూసింది. ఆయన బొటనవేలు ఆని ఆని ఒక పక్క నున్నగా అరిగిపోయింది. కళ్ళమందు గొట్టం పక్కన అలాగే పడి ఉంది ఆ చెక్కముక్క, సన్నటి కొసకి కిటికీ ఆకుపచ్చ రంగు అంటుకుని.